భారీ మంచు తుఫానులకు ఇంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి? బఫెలో నుంచి ఒక జవాబు

డాలస్ నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోకు మారుతున్నామని, సెప్టెంబరులో ఇంటి తాళాలు చేతికి వస్తాయని, తొలి శీతకాలానికి ముందు ఏమేమి కొనాలో, ముఖ్యంగా మంచును ఎగజిమ్మి దారి చేసే స్నో బ్లోయర్ ఎంత పెద్దది తీసుకోవాలో చెప్పమని మీరు అడిగారు. స్నో బ్లోయర్ తుఫాను వెలిసిన తరువాత పనికివచ్చే వస్తువు. తుఫాను జరుగుతున్నంతసేపు అది గరాజ్‌లో ఒక మూల పడి ఉంటుంది. కాబట్టి కొనుగోళ్ల జాబితాను కాసేపు పక్కన పెట్టి, ఇంటి చుట్టూ ఒకసారి నడిచి, ఇంటిని వెచ్చబరిచే గ్యాస్ యంత్రమైన ఫర్నేస్ నుంచి గోడ దాటి బయటకు వచ్చే, గాలి పీల్చేదొకటి, పొగ వదిలేదొకటి, రెండు తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు ఎక్కడ ఉన్నాయో, నేల నుంచి ఎంత ఎత్తున ఉన్నాయో చూడండి. ఈ ఊళ్లో శీతకాలపు ఏర్పాట్లన్నీ అక్కడి నుంచే మొదలుకావాలని నా గట్టి నమ్మకం.

మంచు ఎన్ని అంగుళాలు పడుతుందన్నదే అందరూ అడుగుతారు గానీ, ఇంటిని ఇబ్బంది పెట్టేది ముఖ్యంగా గాలి. ఈరీ సరస్సు నీరు ఇంకా వెచ్చగా ఉండగానే నైరుతి నుంచి వచ్చే చలిగాలి సరస్సు పొడవునా ప్రయాణించి, తేమను పీల్చుకుని, సన్నని పట్టీగా మన మీద కుమ్మరిస్తుంది. 2022 నవంబరులో బఫెలో దక్షిణ శివారైన ఆర్చర్డ్ పార్క్‌లో 80 అంగుళాల మేర మంచు పడితే, అక్కడికి కొద్ది మైళ్ల ఉత్తరాన ఉన్నవారికి అందులో చిన్న వాటా మాత్రమే దక్కింది. 1977 జనవరి నాటి ప్రసిద్ధమైన తుఫానులో కొత్తగా కురిసినది సుమారు ఒక అడుగే. అప్పటికే గడ్డకట్టి ఉన్న సరస్సు మీద పేరుకున్న మంచును గాలి ఎత్తుకొచ్చి ఊళ్ల మీద పోసింది. ఆ గాలి మంచును ఎక్కువగా ఇంటి చాటు వైపున గుట్టగా పోస్తుంది. ఫర్నేస్ గొట్టాలను గాలి తగలని వైపున పెట్టామని గొప్పగా చెప్పే బిల్డర్లకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

2022 డిసెంబరు 23న తుఫాను మొదలైనప్పుడు మా ఇంట్లో నెలల పసిపాప ఉంది. పురుడు పోయడానికి తణుకు నుంచి వచ్చిన అత్తయ్య గారు, మామయ్య గారు మా దగ్గరే ఉన్నారు. ఉదయం 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉన్న ఉష్ణోగ్రత సాయంత్రానికి పది లోపుకు పడిపోయింది. గాలి గంటకు 70 మైళ్లు దాటింది. వీధి దీపం కాదు కదా, మా వరండా మెట్లు కూడా కిటికీలోంచి కనిపించడం మానేశాయి. రాత్రి భోజనాల వేళకు, కరెంటు ఇంకా ఉండగానే, గది చల్లబడడం తెలిసింది. థర్మోస్టాట్ మీద ఫర్నేస్ నడుస్తున్నట్టే చూపిస్తోంది, వెంట్‌లోంచి మాత్రం చల్లటి గాలి వస్తోంది. బేస్‌మెంట్‌లోకి దిగి చూస్తే ఫర్నేస్ అంటుకోబోయి, టక్కుమని ఆగి, మళ్లీ ప్రయత్నిస్తోంది. లోపలి చిన్న దీపం లెక్కపెట్టినట్టు మిణుకుమంటోంది. పొగ గొట్టం మూసుకుపోతే లోపలి పీడనాన్ని కనిపెట్టే స్విచ్ మంటను వెలగనివ్వదు. యంత్రం చెడిపోలేదు, తన పని తాను సక్రమంగానే చేస్తోంది.

ఈ మాట నాకు ముందే తెలియడానికి కారణం మా పక్కింటి పెద్దాయన. 1977 తుఫానును చిన్నతనంలో చూసిన మనిషి ఆయన. ఆకులు రాలే కాలంలోనే నన్ను గోడ దగ్గరకు తీసుకెళ్లి, ఆ గొట్టాల పక్కన డ్రైవ్‌వే అంచుల్లో పాతే నారింజరంగు పుల్లను ఒకదాన్ని నాటించాడు. ఫర్నేస్ స్విచ్ ఆపి, నడుముకు తాడు కట్టుకుని, రెండో కొసను గరాజ్ పక్క తలుపు దగ్గర నిలబడిన మామయ్య గారి చేతికిచ్చి, గోడను తడుముకుంటూ వెళ్లాను. పట్టుమని ఇరవై అడుగుల దూరం ఉండదు. అయినా ఆ పుల్ల కొస చేతికి తగలకపోతే గొట్టాలు ఎక్కడున్నాయో కనిపెట్టడం అసాధ్యం. ఆ చలిలో ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది గనుక పార వాడకుండా చేతులతోనే మంచును తవ్వి, రెండు గొట్టాల ముందూ మూరెడు ఖాళీ చేసి వచ్చాను. ఫర్నేస్ అంటుకుంది. తెల్లవారేదాకా రెండు మూడు గంటలకొకసారి అదే పని. మామయ్య గారు ఒక్కసారి కూడా తాడు వదలలేదు, చేతికి తొడుగు వేసుకోమంటే వినలేదు.

నేను బయట ఉన్న సమయంలో లోపల ఇంకొక ఆలోచన నడిచింది. మన వైపు బాలింత గదిలో కుంపటి పెట్టి సాంబ్రాణి వేయడం తరాలుగా ఉన్నదే కదా, గరాజ్‌లో బార్బెక్యూ బొగ్గులు ఉన్నాయి కదా, ఒక ఇనుప పళ్లెంలో నాలుగు బొగ్గులు రాజేసి పాప గదిలో పెడదామని అత్తయ్య గారు అన్నారు. మా ఆవిడ అడ్డుపడింది. అత్తయ్య గారిది తెలివితక్కువ మాట కాదు. పెంకుల సందుల్లోంచి గాలి ఆడే, తలుపులు తెరిచి ఉండే ఇంట్లో ఆ కుంపటి చెల్లింది. ఇక్కడి ఇల్లు వేడి బయటకు పోకుండా బిగించి కట్టిన డబ్బా. అందులో బొగ్గు రాజేస్తే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది, నిద్రలో ఉన్నవారికి తెలియనే తెలియదు. 2021 ఫిబ్రవరిలో మీ టెక్సాస్‌లో కరెంటు పోయినప్పుడు ఇంట్లో గ్రిల్ వెలిగించి, గరాజ్‌లో కారు నడిపి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు మీరు చదివే ఉంటారు. జనరేటర్‌ను గరాజ్ తలుపు సగం ఎత్తి లోపల నడిపేవారు నాకు తెలిసిన చదువుకున్నవారిలోనే ఉన్నారు. అది ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, కిటికీలకు ఎదురుగా కాకుండా ఉండాలి. న్యూయార్క్ రాష్ట్రంలో ప్రతి ఇంట్లోనూ కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలని 2010లో అమాండా చట్టం వచ్చింది. బఫెలో శివారులో స్నేహితురాలి ఇంట్లో నిద్రపోయిన పదహారేళ్ల అమ్మాయి పాడైన బాయిలర్ వల్ల చనిపోవడమే దాని వెనుక ఉన్న కథ. ఇల్లు అమ్మినవారు పెట్టిన అలారం పాతబడి ఉంటుంది, దాని వెనుక ముద్రించిన తేదీ చూసి కొత్తది పెట్టండి, బ్యాటరీతో నడిచేదే పెట్టండి.

ఎందుకంటే కరెంటు పోతుంది. గ్యాస్ ఫర్నేస్ కదా, మాకేమి భయం అని చాలామంది అనుకుంటారు గానీ దాని ఫ్యాన్ నడవాలంటే కరెంటు కావాలి. మా వీధిలో మరునాడు పోయింది. ఆ తుఫానులో కొన్ని సబ్‌స్టేషన్లే మంచులో కూరుకుపోయి, సిబ్బంది అక్కడికి చేరలేకపోయారు. అంబులెన్సులు దారిలోనే చిక్కుకుపోయాయి. బఫెలో ఉన్న ఈరీ కౌంటీలో 40 మందికి పైగా మరణించారు. వారిలో కార్లలో చిక్కుకున్నవారు, వేడి లేని ఇళ్లలో ఉండిపోయినవారు, సహాయం అందక పోయినవారు ఉన్నారు. తుఫానుకు ముందురోజు దుకాణానికి పరుగెత్తి పాలూ బ్రెడ్డూ ఎగబడి కొనే మన వాట్సాప్ గ్రూపుల వారు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల బీపీ, షుగరు మాత్రలు ఎన్ని మిగిలాయో లెక్క చూడరు. నా అభిప్రాయంలో అదే మొదటి లెక్క. వండనవసరం లేని అటుకులు, మరమరాలు, పచ్చళ్లు మన ఇళ్లలో ఎలాగూ ఉంటాయి. గ్యాస్ పొయ్యిని అగ్గిపుల్లతో వెలిగించుకుని వంట చేసుకోవచ్చు, కానీ ఇల్లు వెచ్చబడాలని ఓవెన్ వెలిగించకూడదు. అందరూ ఒకే గదిలోకి చేరి, తలుపు కింద దుప్పటి చుట్టి పెట్టుకోవడం మేము చేసిన పని.

నీటి గొట్టాల విషయంలో మీ టెక్సాస్ అనుభవాన్ని ఇక్కడికి తేకండి. అక్కడ గొట్టాలు చాలాచోట్ల అటిక్‌లో, అంటే పైకప్పు కింది అరలో పరుస్తారు, అందుకే 2021లో అవి గడ్డకట్టి పగిలి చాలా ఇళ్లు ముంపుకు గురయ్యాయి. ఇక్కడ అవి ఎక్కువగా బేస్‌మెంట్‌లోనూ లోపలి గోడల్లోనూ ఉంటాయి. భయమున్నది బయటి గోడకు ఆనుకున్న వంటింటి సింకుకూ, గరాజ్ మీద కట్టిన స్నానాల గదికీ మాత్రమే. వేడి ఆగిపోతే ఆ కుళాయిలను సన్నని ధారగా వదిలి, సింకు కింది తలుపులు తెరిచి ఉంచండి. ఇంటి మొత్తానికి నీరు ఆపే వాల్వ్ ఎక్కడుందో మీకే కాక ఇంట్లో మరొకరికి కూడా తెలిసి ఉండాలి. పెరట్లోని పైపును అక్టోబరులోనే కుళాయి నుంచి విప్పేయాలి.

పైకప్పు గురించి అనవసరంగా కంగారుపడకండి. పొడి మంచు పది పన్నెండు అంగుళాలు కరిగితే ఒక్క అంగుళం నీరు వస్తుంది, దాని బరువు చదరపు అడుగుకు 5 పౌండ్ల పైచిలుకు. ప్రమాదం వచ్చేది ఆ మంచు మీద వాన పడినప్పుడు. 2014 నవంబరులో దక్షిణ శివార్లలో అడుగుల కొద్దీ మంచు పడి, వెంటనే వాతావరణం వెచ్చబడి వాన వచ్చినప్పుడు కొన్ని పైకప్పులు కూలాయి. పొడవాటి కర్ర ఉన్న రూఫ్ రేక్‌తో నేల మీద నిలబడే చూరు వైపు మంచును లాగండి, నిచ్చెన ఎక్కకండి. చూరుకు వేలాడే మంచు ఊడలను అందంగా ఉన్నాయని ఫోటోలు తీసి పంపుతారు. అవి అటిక్‌లో ఇన్సులేషన్ చాలక ఇంటి వేడి పైకి పోతోందని చెప్పే గుర్తులు.

స్నో బ్లోయర్ విషయానికి వస్తే, మంచును తవ్వే మర, విసిరే చక్రం వేరువేరుగా ఉండే రెండు దశలదే తీసుకోండి, ఒక దశది ఈ ఊరికి చాలదు. రోడ్డు మీది మంచును పక్కకు నెట్టే పురపాలక బండి మీ డ్రైవ్‌వే మొగలో వదిలిపోయే గట్టి మంచు కట్టను తెగ్గొట్టేది అదే. ఆ బండి నడిపేవారు మనం శుభ్రం చేసిన పది నిమిషాలకే వస్తారన్నది నా స్థిరాభిప్రాయం. మీ ఇంటి ముందు అగ్నిమాపక కుళాయి ఉంటే దాని చుట్టూ కూడా తవ్వాలి, గ్యాస్ మీటర్ మీద మంచు ఉంటే చేత్తో దులపాలి.

సెప్టెంబరులో ఇల్లు చేతికి రాగానే ఫర్నేస్ మెకానిక్‌ను పిలిపించి, శుభ్రం చేయించడంతో పాటు ఆ రెండు గొట్టాలకు పైకి తిప్పే మెడలు అమర్చి, మంచు చేరే మట్టానికి కనీసం ఒక అడుగు పైన ఉండేలా చేయగలడేమో అడగండి. చాలా ఇళ్లకు అది కొద్ది సేపటి పని. అక్టోబరు చివర తొలి చలి తగలగానే ఊరంతా ఒకేసారి ఫోన్లు చేస్తుంది. అప్పుడు పిలిస్తే డిసెంబరులో తేదీ ఇస్తారు.