వాలుగ దవడ పంచె నేయదు

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పాలకొండ బస్టాండులో మీ అక్క కొడుక్కి ఫిట్స్ వస్తే ఎవరో వాడి చేతిలో తాళాల గుత్తి పెట్టారనీ, అక్క దాన్ని తీసేసి బిడ్డను పక్కకి ఒత్తిగిలించిందనీ రాశావు. అక్కడ కళ్లు చెమర్చాయి. తర్వాతి వాక్యానికే కోపం వచ్చింది. ‘వాడిలో పాడైన ఏపీ3బీ2 జన్యువే మెదడులో సినాప్టిక్ వెసికిల్స్‌ని తయారు చేస్తుంది’ అన్నావు. అంటే నాడీకణాలు ఒకదానికొకటి కబురంపే రసాయనాలను దాచుకునే చిన్న తిత్తులు.

జన్యువు తానుగా ఏదీ తయారు చెయ్యదమ్మా. అది ఒక ప్రొటీన్‌ను ఎలా కట్టాలో చెప్పే రాత. ఆ ప్రొటీన్ ఇంకో మూడింటితో కలిస్తే ఏపీ-3 అనే జట్టు. నాడీకణం లోపల సరుకు వేరుచేసే సంచి ఒకటుంటుంది, దాన్ని ఎండోజోమ్ అంటారు; దాని పొర మీద చేరి, తిత్తిలోకి ఏ ప్రొటీన్లు ఎక్కాలో ఏరడం ఈ జట్టు పని. తిత్తి వెడల్పు సుమారు 40 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో 25 వేలు వరసగా పడతాయి. అన్నీ ఈ దారిన రావు. కణం పైపొర నుంచి ఏపీ-2 అనే వేరే జట్టు సాయంతో పుట్టేవి చాలా ఉన్నాయి.

క్రియ తప్పితే వాక్యమంతా తప్పే. ఇది నాకు పొందూరులో తెలిసింది. నా మొదటి వ్యాసంలో ‘వాలుగ చేప దవడతో పంచెలు నేస్తారు’ అని రాసి, నూలు వడికే ఒక ముసలమ్మకి వినిపించాను. “దవడ నేత్తాదేటి బాబూ? అది పత్తి దువ్వుతాది. వడికింది నేను, నేసింది మా ఆయన” అంది. ఆ మాటలే వ్యాసంలో పెట్టాను. సంపాదకుడు యాస అని కొట్టేసి, మళ్లీ ‘నేస్తారు’ అనే వేశాడు. ఆ సంచిక ఆమెకి చూపించలేకపోయాను. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

ఏపీ3బీ2 జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్న పిల్లలకి ఏడాది లోపే ఫిట్స్ మొదలవుతాయనీ, చూపు నరం క్షీణిస్తుందనీ 2016లో తేల్చారు. ఏపీ-3 జట్టులోని మరో భాగాన్ని తీసేసిన ఎలుకల్లో మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం విడుదల తగ్గి మూర్ఛలు వచ్చాయి. అంతేగానీ తిత్తులు మాయం కాలేదు. నీ వాక్యం చదివితే మీ అక్క తన బిడ్డ మెదడులో అవి అసలు లేవనుకుంటుంది.

నువ్వడిగిన కలం పేరు సంగతి ఇంకోసారి. ముందు ఆ ‘తయారు చేస్తుంది’ తీసెయ్. మార్చిన కాగితం మీ అక్కకి చదివి వినిపించి, ఆమె ఏమందో నాకు రాయి.