ఫార్మింగ్ అయ్యాక డివైస్ రీసెట్ కావట్లేదా? ఫిల్మ్‌ని వదిలి చుక్క సైజు చూడండి

రెసిస్టివ్ మెమరీ (రెసిస్టెన్స్ మార్చి డేటా దాచే డివైస్) గురించి ఒక ప్రశ్న. 10 నానోమీటర్ల హాఫ్నియం ఆక్సైడ్, పైన టైటానియం, షాడో మాస్క్‌ (రంధ్రాలున్న రేకు)తో వేసిన 200 మైక్రాన్ల వ్యాసం ఎలక్ట్రోడ్ చుక్కలు. 3 వోల్ట్ల దగ్గర ఫార్మింగ్ (ఫిల్మ్‌లో ఫిలమెంట్ అనే సన్నటి కరెంట్ దారి మొదటిసారి ఏర్పడటం) అయింది, కంప్లయెన్స్ (మీటర్‌లో పెట్టే కరెంట్ హద్దు) 100 మైక్రోఆంప్స్ పెట్టినా తర్వాత రీసెట్ (ఆ దారి తెగి రెసిస్టెన్స్ మళ్లీ పెరగడం) కావట్లేదు, డిపాజిషన్ టెంపరేచర్ మార్చాలా అని అడిగారు. వద్దు. ఫిల్మ్ జోలికి ఇప్పుడే పోకండి.

ముందు రీసెట్ స్వీప్‌లో కంప్లయెన్స్ ఎంత ఉందో చూడండి. అక్కడా 100 మైక్రోఆంప్సే ఉంచితే అది రీసెట్ కానే కాదు. 10 మిల్లీఆంప్స్ దాకా వదిలి, పై ఎలక్ట్రోడ్‌కి మైనస్ ఇచ్చి, −1.5, మహా అయితే −2 వోల్ట్ల దగ్గర ఆగండి. ఇంకా తోస్తే ఎదురు దిశలో బ్రేక్‌డౌన్ అయి కూర్చుంటుంది.

తర్వాత 0.1 వోల్ట్ దగ్గర రెసిస్టెన్స్ చదవండి. కంప్లయెన్స్ నిజంగా పనిచేసి ఉంటే 5 నుంచి 10 కిలోఓమ్‌ల మధ్య రావాలి. 200, 300 ఓమ్‌లు చూపిస్తే ఫిలమెంట్‌లోంచి మిల్లీఆంప్‌లు పోయినట్టే. మీటర్ గ్రాఫ్‌లో గీత 100 దగ్గరే ఆగిందని నమ్మకండి. దాని సర్క్యూట్ తేరుకునేసరికి మైక్రోసెకన్లు గడుస్తాయి, ఫిలమెంట్‌కి నానోసెకన్లు చాలు.

దీనికి అందరూ కేబుల్‌లో నిల్వ ఉండే ఛార్జ్‌ని తిడతారు. కోయాక్స్‌కి మీటరుకు 100 పికోఫారడ్‌ల దాకా ఉంటుంది, నిజమే. కానీ డైఎలక్ట్రిక్ కాన్‌స్టెంట్ 20 వేసి చూడండి, మీ చుక్క ఒక్కటే దాదాపు 550 పికోఫారడ్‌లు. ఫిలమెంట్ ఏర్పడి వోల్టేజ్ 3 నుంచి 1కి పడగానే 1.1 నానోకూలంబ్‌ల ఛార్జ్ ఆ ఒక్క ఫిలమెంట్‌లోంచే పోవాలి. 100 నానోసెకన్లలో పోతే సగటున 11 మిల్లీఆంప్స్! బయట సిరీస్ రెసిస్టర్ పెట్టినా లాభం లేదు, ఛార్జ్ ఉన్నది చుక్కలోనే. దొంగని ఇంట్లో పెట్టుకుని గేటుకి తాళం వేసినట్టు.

అసలు ఇలాంటి పెద్ద చుక్కల మీద ఒక్క అందమైన లూప్ (కరెంట్-వోల్టేజ్ గ్రాఫ్) గీసి, ఏరియా కూడా రాయకుండా మెటీరియల్ అద్భుతం అని తేల్చేసే పేపర్లే సగం కొంప ముంచుతున్నాయి.

చుక్క చిన్నదయ్యేలా మాస్క్ మార్చడం కుదరకపోతే ఫార్మింగ్ వోల్టేజ్ తగ్గించండి. 3 దాకా స్వీప్ చేయకుండా 2.2 దగ్గర పట్టి ఉంచి, కరెంట్ ఎగిరేదాకా ఆగండి. టైమ్ పడుతుంది, కానీ నిల్వ ఉండే ఎనర్జీ వోల్టేజ్ వర్గాన్ని బట్టి కాబట్టి దాదాపు సగమవుతుంది. చక్‌ని (శాంపిల్ పెట్టే పళ్లేన్ని) కాస్త వేడి చేస్తే ఇంకా తక్కువలో అవుతుంది. ఫిల్మ్‌ని 5 నానోమీటర్లకి తగ్గించినా ఫార్మింగ్ వోల్టేజ్ దిగుతుంది గానీ, చుక్క కెపాసిటెన్స్ రెట్టింపవుతుంది.

అసలు మందు లితోగ్రఫీ (కాంతితో సన్నటి ఆకారాలు అచ్చువేసే పద్ధతి). 200 నానోమీటర్ల సిలికాన్ డయాక్సైడ్‌లో 5 మైక్రాన్ల రంధ్రం తీసి, డివైస్ అందులో, ప్రోబ్ ప్యాడ్ ఆ మందపాటి ఆక్సైడ్ మీద వచ్చేలా చేయండి. 100 మైక్రాన్ల చదరపు ప్యాడ్‌తో కలిపి 2 పికోఫారడ్‌లకి అటూ ఇటూ తేలుతుంది. ఆ తర్వాతే రెసిస్టర్‌కి అర్థం ఉంటుంది, అదీ అదే చిప్ మీద ఉంటే. 10 కిలోఓమ్‌లు పెడితే 100 మైక్రోఆంప్స్ దగ్గర 1 వోల్ట్ దానికే పోతుందని రీసెట్‌లో గుర్తుంచుకోండి. ట్రాన్సిస్టర్ ఇంకా మేలు: 2013లో ప్యానసోనిక్ టాంటలం ఆక్సైడ్ మెమరీతో తెచ్చిన మైక్రోకంట్రోలర్‌లో ఉన్నదీ ఒక్కో సెల్‌కి ఒక్కో ట్రాన్సిస్టరే. ట్రాన్సిస్టర్ గేట్ వోల్టేజ్‌తో సెట్ (తెగిన దారిని మళ్లీ కలపడం) కరెంట్‌ని బిగించండి, రీసెట్‌కి మాత్రం గేట్ పూర్తిగా తెరవండి.