తుపాను రోజుల్లో ఫ్రీజర్‌కు జనరేటర్

ప్రశ్న: 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేక, డీప్ ఫ్రీజర్‌లోని చేపలు, రొయ్యలు పాడైపోయాయి. ఈసారికి చిన్న పెట్రోలు జనరేటర్ కొనదలిచాము. ఒక కిలోవాటుది సరిపోతుందా? రోజంతా నడపాలా?
— ఒక పాఠకురాలు, కవిటి

జవాబు: ఇంటి ఫ్రీజర్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 100 నుంచి 200 వాట్లే తీసుకున్నా, కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది కాబట్టి ఒక కిలోవాటు యంత్రం ఒక్కోసారి చాలకపోవచ్చు; రెండు కిలోవాట్లదైతే నిశ్చింత. రోజంతా నడపడం పెట్రోలు దండగ. నిండుగా ఉన్న ఫ్రీజర్ మూత తెరవకపోతే సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటుంది కనుక, ఉదయం, సాయంత్రం కొన్ని గంటల చొప్పున నడిపితే చాలు.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. వాన పడుతోందని యంత్రాన్ని వరండాలోకి తెచ్చినా అది ప్రాణం తీయగలదు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, తడవకుండా పైన కప్పు వేసి, చుట్టూ గాలి ఆడేలా ఉంచండి. ఛేంజోవర్ స్విచ్ (ఇంటి వైరింగును వీధి లైను నుంచి విడదీసి జనరేటర్‌కు మార్చే స్విచ్) లేకుండా గోడ ప్లగ్గులోకి కరెంటు ఎక్కిస్తే అది వీధి తీగల్లోకి వెళ్లి, స్తంభమెక్కిన లైన్‌మన్‌ను బలిగొనవచ్చు. ఫ్రీజర్‌ను మందపాటి తీగతో నేరుగా జనరేటర్‌కే కలపండి.