స్కాన్ నార్మల్ వచ్చినా, తలకు దెబ్బ తగిలాక నడుస్తుంటే తూలినట్టు ఎందుకు ఉంటుంది?

తలకు దెబ్బ తగిలి కంకషన్ (ఆ అదురుకు మెదడు పనితీరు కొన్నాళ్లు దెబ్బతినడం) అయితే కళ్లు, లోపలి చెవి, మెడ, పాదాల నుంచి వచ్చే సంకేతాలను కలిపి చూసుకునే పని మెదడులో కొన్నాళ్లు గాడి తప్పుతుంది, అందుకే తూలినట్టు ఉంటుంది.

కదులుతున్నది మనమా, ఎదురుగా ఉన్నదా అని మెదడు తేల్చుకునేది వీటన్నిటినీ పోల్చి చూసే. తల తిప్పినప్పుడు చూపు చెదరకుండా, లోపలి చెవి ఇచ్చే సంకేతంతో కళ్లు అంతే వేగంగా ఎదురు దిశకు తిరుగుతాయి. ఈ సర్దుబాటు కాస్త తడబడినా చాలు, అక్షరాలు వణుకుతాయి, కడుపులో తిప్పుతుంది. అప్పుడు చాలామంది బ్యాలెన్స్ కోసం చూపు మీదే ఎక్కువగా ఆధారపడతారు. చిక్కంతా అక్కడే.

ఉదాహరణకు, బస్టాండులో నిలబడి ఉండగా ఎదుటి బస్సు కదిలితే, తామే వెనక్కి జరిగినట్టు అనిపించి చటుక్కున స్తంభం పట్టుకుంటారు. రాత్రి చీకట్లో బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు ఇంకా తూలుతారు, ఆ చూపు ఆసరా కూడా ఉండదు కాబట్టి.

సీటీ స్కాన్ బాగుంది కాబట్టి ఇదంతా టెన్షనో, నీరసమో అని ఇంట్లోవాళ్లు అనుకోవడం పొరపాటు, బాధపడేవాళ్లకు అన్యాయం కూడా. సీటీలో ప్రధానంగా చూసేది రక్తస్రావం, ఎముక విరగడం. మెదడు పనితీరు అందులో కనిపించదు. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే బ్యాలెన్స్ వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపిస్టులు ఉన్నారు. మాటిమాటికీ వాంతులు, పెరిగే తలనొప్పి, మగత ఉంటే మాత్రం వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.