ఒకే బంగారం, రెండు లెక్కలు

ప్రశ్న: మాది గుంటూరు. నేను విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం చేస్తాను, నా భార్య స్కూల్లో టీచరు. ఇద్దరికీ కలిపి నెలకు 92 వేలు చేతికొస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 23 వేలు, ఇంటి ఖర్చు 45 వేలు. బ్యాంకులో 60 వేలు ఉన్నాయి. వచ్చే జూన్‌లో నార్వే వెళ్లి పది రోజులు సముద్రపు పాయల పక్కన కొండలు ఎక్కాలని ఇద్దరికీ ఎప్పటినుంచో కోరిక. మొత్తం 7 లక్షలు అవుతుంది. పర్సనల్ లోన్ 4 లక్షలు, నగల మీద 3 లక్షలు తీసుకుందామనుకుంటున్నాం. నాన్నగారి మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉంది, అమ్మగానే నగలు విడిపిస్తాం. అత్యవసరానికి బంగారం ఎలాగూ ఉంది కదా. ఏ బ్యాంకులో వడ్డీ తక్కువ?

జవాబు: వడ్డీ ఎక్కడ తక్కువో చెప్పను, ఎందుకంటే ఈ అప్పు చేయవద్దనే నా సలహా. మీ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణం అందులోని ఒక్క వాక్యం: 'అత్యవసరానికి బంగారం ఎలాగూ ఉంది కదా.' నా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో చాలామంది ఇదే మాట అంటారు. అన్నవాళ్లే ఆ బంగారాన్ని తాకట్టు పెట్టడానికి ఫారం కూడా నింపేసి ఉంటారు. తాకట్టులో ఉన్న నగ అత్యవసరానికి ఎలా పనికొస్తుందండీ? మీరు ఒకే బంగారాన్ని రెండుసార్లు లెక్కేశారు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగింది గుర్తుందా? అదే సమయంలో కృష్ణా నదిలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నా సలహా తీసుకునే ఒక కుటుంబం సింగ్ నగర్‌లో కింది అంతస్తులో ఉండేది. ఫ్రిజ్, బండి, నీళ్ల మోటారు, పరుపులు అన్నీ పోయాయి. నగలు అంతకు ముందు ఏడాదే కారు కోసం తాకట్టులోకి వెళ్లాయి, విడిపించలేదు. చేతిలో నగదు లేక నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు. ఇల్లు మళ్లీ నిలబెట్టుకోవడానికి నెల పట్టింది, ఆ అప్పు తీరడానికి ఏడాదిన్నర పట్టింది. రెండు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే ఆ ఏడాదిన్నర వాళ్లకు ఉండేది కాదు. ఆ ఇల్లాలు నా ఎదురుగా కూర్చుని లెక్క చెప్పిన రోజు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకు 68 వేలు. బ్యాంకులో ఉన్న 60 వేలు సుమారు 26 రోజులకు వస్తాయి. ఇద్దరి జీతాలూ ఆగితే మీ దగ్గరున్న గడువు అంతే. పైగా 4 లక్షల పర్సనల్ లోన్ 14 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే నెలకు 13,670 రూపాయల దాకా కట్టాలి, వడ్డీ ఒక్కటే 92 వేలు అవుతుంది. గోల్డ్ లోన్ వడ్డీ నెలకు మరో రెండున్నర వేలు వేసుకోండి. ఇప్పుడు మిగులుతున్న 24 వేలలో చివరికి ఎనిమిది వేలు కూడా చేతిలో ఉండవు. పది రోజుల ప్రయాణం కోసం మూడేళ్లు ఇలా బతుకుతారా?

మిర్చి మీద పెట్టుకున్న ఆశ నన్ను ఇంకా టెన్షన్ పెడుతోంది. యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలిన రోజు ధర ఎంత పలుకుతుందో నాన్నగారికే తెలియదు. 2025 ఫిబ్రవరిలో ధర ఎంతగా పడిందంటే, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. సరే, మంచి ధరే వచ్చిందనుకోండి. జూన్‌లో మీరు విమానం ఎక్కే వేళకు ఆయన దుక్కికి, విత్తనానికి డబ్బు వెతుక్కుంటారు. కోల్డ్ స్టోరేజీలో ఉన్నది ఆయన వచ్చే పంట పెట్టుబడి. దాన్ని మీ నగల విడుదలకు ముందే రాసేసుకోవడం న్యాయం కాదు.

అప్పు తెచ్చి ఖాతాలో వేసినా వీసాకు అడ్డే. వీసా ఇచ్చేవాళ్లు కొన్ని నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తారు. ఒక్కసారిగా వచ్చి పడిన పెద్ద మొత్తం ఎక్కడిదని అడుగుతారు. వీసా రాకపోయినా మనిషికి 90 యూరోల ఫీజు తిరిగి రాదు, లోన్ ఈఎంఐ ఆగదు.

బీమా దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. నార్వేకు కావాల్సిన షెంగెన్ వీసాకు (యూరప్‌లో చాలా దేశాలకు ఒకటే వీసా) కనీసం 30 వేల యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి కాబట్టి అందరూ చౌకలో ఒకటి కొనేస్తారు. అందులో ట్రెక్కింగ్ ఉందో లేదో చదవరు. మీరు వెళ్లాలనుకునే చోట్లు చిన్నవి కావు. ట్రోల్‌టుంగా అనే బండ కొమ్ము కింది సరస్సుకు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది, మామూలు దారిలో రానూపోనూ 27 కిలోమీటర్ల నడక. ప్రెయికెస్టోలెన్ బండ సముద్రపు పాయకు 604 మీటర్ల పైన ఉంటుంది, అంచున కంచె ఉండదు. వేసవిలో కూడా వాన, పొగమంచు గంటలో కమ్మేస్తాయి. కాలు విరిగితే అక్కడి రెస్క్యూ వాళ్లు డబ్బు అడగకుండానే కిందికి దించుతారు, ఆసుపత్రి బిల్లు మాత్రం మనదే. ఇంతా చేసి ఆ పాలసీ కాపాడేది మిమ్మల్నే. మీరు అక్కడ కొండ మీద ఉండగా ఇక్కడ నాన్నగారికి గుండెనొప్పి వస్తే అది పైసా ఇవ్వదు. ఆయన ఆరోగ్య బీమా గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. లేకపోతే ముందు అది తీసుకోండి.

ఏం చేయాలంటే, మిగులుతున్న 24 వేలలో 4 వేలు నాన్నగారి ఆరోగ్య బీమా ప్రీమియానికి, 20 వేలు అత్యవసర నిధికి పెట్టండి. ఆరు నెలల ఖర్చు అంటే 4 లక్షల 8 వేలు. ఉన్న 60 వేలతో మొదలుపెడితే ఏడాదిన్నరలో నిండుతుంది. అది నిండేదాకా ఎస్ఐపీ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టడం), కొత్త స్థలం, చిట్టీ ఏదీ వద్దు. తర్వాత అదే 20 వేలు నార్వే ఖాతాలోకి మళ్లించండి.

ఖర్చు కూడా తగ్గుతుంది. అక్కడ సాగులో లేని భూమిలో, ఇళ్లకు కనీసం 150 మీటర్ల దూరంలో ఎవరైనా ఒకేచోట రెండు రాత్రుల దాకా టెంటు వేసుకోవచ్చు, చట్టమే ఆ హక్కు ఇచ్చింది. సగం రాత్రులు అలా గడిపి, వంట మీరే చేసుకుని, 7 లక్షలను నాలుగున్నరకు దించగలిగితే మొత్తం మూడున్నరేళ్లలో అప్పు లేకుండా వెళ్తారు. ఎక్కువ కాలమే, ఒప్పుకుంటాను. జీతాలు పెరిగితే ఇంకా ముందే వెళ్లొచ్చు. ఈలోగా ఆదివారాలు కొండవీడు ఎక్కండి, 27 కిలోమీటర్ల నడకకు కాళ్లు సిద్ధమవుతాయి. కొండ, సముద్రం ఒకేచోట చూడాలనిపిస్తే రాత్రి రైలెక్కి వైజాగ్ వెళ్లండి.

గోల్డ్ లోన్ దరఖాస్తు ఇచ్చి ఉంటే రేపే వెనక్కి తీసుకోండి. జీతం పడే బ్యాంకులో కాకుండా వేరే బ్యాంకులో ఒక ఖాతా తెరిచి, ఒకటో తారీఖున 20 వేలు దానంతట అదే వెళ్లేలా పెట్టండి. ఆ ఖాతా ఏటీఎం కార్డు మీ ఆవిడ దగ్గర ఉండనివ్వండి.