పాల దవడపన్ను తీసేస్తే ఆ ఖాళీలో స్పేస్ మెయింటెయినర్ అవసరమా?

మీ బాబుకు ఆరేళ్లకే పుచ్చిన కింది దవడపన్ను తీసేశారనీ, డాక్టరు స్పేస్ మెయింటెయినర్ (పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరగకుండా ఆపే చిన్న పరికరం) పెట్టించమన్నారనీ రాశారు. ఎలాగూ ఊడిపోయే పాలపన్నుకు ఈ ఖర్చెందుకని మీ ఇంట్లో అంటున్నారట. మా అమ్మాయికీ ఆ వయసులోనే, ఆ పన్నే పోయింది. మేము పెట్టించాం. మీరూ పెట్టించండి, అయితే ముందుగా ఎక్స్‌రే తీయించండి.

ముందుపళ్లు ఆరేడేళ్లకే ఊడతాయి కాబట్టి పాలపళ్లన్నీ అంతే అనుకుంటాం. చివరి పాల దవడపన్ను మాత్రం పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. దాని వెనకే ఆరేళ్ల ప్రాయంలో మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. ముందున్న పన్ను లేకపోతే అది ఒరిగి, ఆ చోటులోకి జరుగుతుంది. కింద తయారవుతున్న పన్ను వంకరగా పక్కకు వస్తుంది, లేదా లోపలే ఇరుక్కుంటుంది. ఆ తర్వాత క్లిప్పులు వేయించడం ఇంతకంటే చాలా పెద్ద ఖర్చు, పిల్లవాడికి బాధ కూడా.

ఎక్స్‌రేలో రెండు విషయాలు అడగండి: కింద శాశ్వత దంతం ఉందా, పైకి రావడానికి ఇంకా ఎంత కాలం పట్టవచ్చు? కొందరు పిల్లలకు ఆ దంతం పుట్టుకతోనే ఉండదు, అప్పుడు వైద్యమే వేరు. త్వరలోనే వచ్చేటట్లుంటే ఏమీ పెట్టనక్కరలేదు.

మా పాపకు పెట్టింది పక్క పంటికి స్టీలు రింగు, దానికి అతికి ఖాళీ మీదుగా సాగే చిన్న తీగ. కొన్నాళ్లు నాలుకతో తడుముతూనే ఉండేది, తర్వాత మరిచిపోయింది. జీళ్లు, మామిడి తాండ్ర, చూయింగ్ గమ్ మాన్పించడమే కష్టమైంది. మేనమామ ఇంటికి వెళ్లినప్పుడు మరీనూ! రింగు వదులైతే దాని లోపల తిండి చేరి మంచి పన్ను కూడా పుచ్చుతుంది. మా పాపది ఒకసారి కదిలితే వెంటనే తీసుకెళ్లాం, శుభ్రం చేసి మళ్లీ అతికించారు. నొప్పి లేకపోయినా డాక్టరు చెప్పిన గడువుకు చూపిస్తూ ఉండండి.

ఇంప్లాంటు (దవడ ఎముకలో బిగించే కృత్రిమ దంతం) పెట్టించమని ఎవరైనా అంటే వినకండి. ఎదిగే దవడతో పాటు అది కదలదు. ఎదుగుదల పూర్తయ్యాకే దాని సంగతి.

కొత్త పన్ను మొన చిగురులోంచి కనబడగానే డాక్టరుకు చూపించి తీగ తీయించేయండి. ఇంకా అలాగే ఉంచితే వచ్చే పంటికి అదే అడ్డవుతుంది.