షియాన్ కోటగోడ మీద సైకిల్‌పై చుట్టూ తిరిగి రావచ్చా?

రావచ్చు, చైనాలోని షియాన్ నగరం పాత కోటగోడ మీద దాదాపు 13.7 కిలోమీటర్లు ఎక్కడా కిందికి దిగకుండా తొక్కి, మొదలుపెట్టిన ద్వారం దగ్గరికే వచ్చేయొచ్చు.

కారణం దాని వెడల్పు. 1370లలో మింగ్ రాజులు దీన్ని సైన్యం పైన అటూ ఇటూ వేగంగా కదిలేలా కట్టించారు, అందుకే 12 మీటర్ల ఎత్తున్న గోడకి పైభాగం కూడా 12 నుంచి 14 మీటర్ల వెడల్పుంటుంది, అంటే గోడ మీద ఒక రోడ్డే ఉన్నట్టు. లోపలంతా దిమ్మిస కొట్టిన మట్టి, పైన ఇటుక పరుపు. దారి చదునే కానీ ఇటుకల వల్ల కుదుపులు మాత్రం తప్పవు.

ఉదాహరణకి దక్షిణ ద్వారం యోంగ్‌నింగ్ దగ్గర ఎక్కి, పైనే సైకిల్ అద్దెకి తీసుకుని నిదానంగా తొక్కితే సుమారు రెండు గంటల్లో మళ్ళీ అక్కడికే చేరతారు.

చాలామంది దీన్ని చైనా మహా కుడ్యం అనుకుంటారు. కాదు, అది ఉత్తరాన కొండల మీదుగా మెట్లతో సాగే సరిహద్దు గోడ, అక్కడ ఇలా సైకిల్ తొక్కడం కుదరదు. షియాన్‌ది కేవలం ఊరి చుట్టూ కట్టిన ప్రాకారం.